క్యాంపుల ఉద్యోగానికి ఏ కారు?

ఉద్యోగపు ఆర్డరు చేతికొచ్చిన రోజునే ఇంట్లో కారు మాట మొదలవుతుంది. నెలకు ఇరవై రోజులు క్యాంపులు తిరగాలి, కిలోమీటరుకు ఇంత అని కంపెనీ ఇస్తుంది, కారు మాత్రం మనదే అయ్యుండాలి. ఇదీ షరతు. ఇక చూడండి, నాన్నగారు ఒక కారు మంచిదంటారు. తమ్ముడు ఎత్తుగా, దర్జాగా ఉండేదొకటి ఫోనులో చూపిస్తాడు. పక్కింటి మాస్టారు "సెకండ్ హ్యాండ్‌ది చాలు లెండి" అంటారు. రేపు దాన్ని నడపబోయే అమ్మాయిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు!

మా చెల్లెలి కూతురి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. రాజమహేంద్రవరంలో ఉంటుంది. ఆస్పత్రి ల్యాబులకు పరికరాలు అమ్మే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. షోరూముకి బయల్దేరుతుంటే ఆపి, ముందు ఒక కాగితం తీసుకోమన్నాను. ఏ రోజు ఏ ఊరు, ఎన్ని కిలోమీటర్లు, ఇంటికి చేరేసరికి పగలా రాత్రా, వెంట ఏం సామాను ఉంటుంది, రాత్రిళ్లు కారు ఎక్కడ పెడతావు, ఇవన్నీ రాయమన్నాను. వారానికోసారి కాకినాడ, ఒకసారి అమలాపురం. పదిహేను రోజులకోసారి గోకవరం మీదుగా రంపచోడవరం, మారేడుమిల్లి. ఊళ్లో తిరిగేది కూడా కలిపితే నెలకు 1,800 కిలోమీటర్లు తేలాయి. మీరూ ఈ కాగితం రాసుకోండి. కారు బ్రోషర్ కంటే ముందు చదవవలసింది అదే.

ఇక నూనె ఖర్చు. పెట్రోలు లీటరు 110 రూపాయలు, కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుందని వేసుకుందాం. 1,800 కిలోమీటర్లకు నెలకు 12,375 రూపాయలు. డీజిలు 97 రూపాయలనీ, లీటరుకు 20 కిలోమీటర్లనీ వేసుకుంటే 8,730. సీఎన్‌జీ కిలో 90 రూపాయలు, కిలోకు 24 కిలోమీటర్లు అనుకుంటే 6,750. ధరలు మారుతుంటాయి కాబట్టి మీ ఊళ్లో ఇవాళ్టి ధర వేసి చూసుకోండి.

ఈ లెక్క చూడగానే సీఎన్‌జీయే మేలనిపిస్తుంది. పొదుపు నిజమే. కానీ చాలా కార్లలో ఆ గ్యాసు సిలిండరు డిక్కీని ఆక్రమిస్తుంది. శాంపిళ్ల పెట్టెలు ఎక్కడ పెడతారు? రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున అమర్చే పద్ధతి కూడా ఇప్పుడు వచ్చింది. అలాంటిదైతే మీ పెట్టెను వెంట తీసుకెళ్లి, పట్టుతుందో లేదో అందులో పెట్టి చూడండి. మీ దారిలో గ్యాసు బంకులు ఎక్కడెక్కడున్నాయో, పొద్దున్న ఎంత క్యూ ఉంటుందో ఆ దారిన తిరిగే ట్యాక్సీవాళ్లనడిగితే చెబుతారు. సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలన్నది కూడా గుర్తుంచుకోండి.

డీజిలు కార్ల ఎంపిక ఇదివరకంత లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన వచ్చినప్పుడు మారుతి కంపెనీ డీజిలు కార్లే మానేసింది. ఇప్పటి డీజిలు కారు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఒకటుంటుంది. రోజూ ఊళ్లోనే నాలుగేసి కిలోమీటర్లు తిప్పితే అది పూడుకుపోతుంది. దూరప్రయాణాలు చేసేవాళ్లకే అది కలిసొస్తుంది. కరెంటు కారు సంగతంటారా, సొంత ఇల్లు, కారు నిలిపే చోట ప్లగ్గు, సాయంత్రానికి ఇల్లు చేరే ప్రయాణం, ఈ మూడూ ఉన్నవాళ్లకు బాగానే ఉంటుంది. అద్దె ఇల్లయితే ముందు ఇంటివారితో మాట్లాడుకోవాలి.

కిలోమీటరుకు 9 రూపాయలు ఇస్తారని మా పిల్ల సంబరపడింది. 1,800 కిలోమీటర్లకు 16,200 కదా, పెట్రోలు పోగా దాదాపు నాలుగు వేలు మిగులుతుందని దాని లెక్క. అక్కడే పొరపాటు. ఏడాదికి 20,000 కిలోమీటర్లు దాటితే సర్వీసు రెండుసార్లు. ఒక్కోసారి ఎనిమిది వేలు అనుకున్నా నెలకు 1,333. టైర్లు 40,000 కిలోమీటర్లు వస్తాయనుకుంటే రెండేళ్లు నిండకుండానే నాలుగూ మార్చాలి. దానికి నెలకు ఎనిమిది వందలు పక్కన పెట్టాలి. బీమా ఏడాదికి పన్నెండు వేలంటే నెలకు వెయ్యి. అన్నీ పోగా చేతిలో ఏడు వందలు కూడా నిలవవు. ఇక కారు అప్పు వాయిదా పూర్తిగా జీతంలోంచే పోవాలన్నమాట. ఆరు లక్షలు ఐదేళ్లకు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు పన్నెండు వేల ఆరు వందలు. ఉద్యోగమేమో ఆరు నెలల ప్రొబేషను. ఆ తర్వాత వాళ్లు వద్దన్నా, తనకే నచ్చకపోయినా, అప్పు మాత్రం నాలుగున్నరేళ్లు మిగిలే ఉంటుంది. అంతకంటే పెద్ద కష్టం, ఆ వాయిదా కోసం నచ్చని ఉద్యోగాన్ని పట్టుకు వేళ్లాడవలసి రావడం.

అందుకని ఉద్యోగం ఖాయం కాకముందు మూడు నాలుగేళ్లు వాడిన చిన్న పెట్రోలు కారు తీసుకోవడమే నాకు సబబనిపించింది. ఖాయమయ్యాక దాన్ని అమ్మి, లెక్క కలిసొస్తే సీఎన్‌జీకి మారవచ్చు.

ఇక్కడ బీమా గురించి ఒక మాట. సొంత కారును మన ఉద్యోగపు పనికి వాడుకోవచ్చు, శాంపిళ్లు తీసుకెళ్లవచ్చు. అద్దెకు మనుషుల్ని ఎక్కించుకున్నా, శాంపిళ్లు కాక అమ్మకపు సరుకు మోసినా మామూలు ప్రైవేటు పాలసీ వర్తించదు. "ఎలాగూ వెళ్తున్నావు, ఈ పది పెట్టెలు కూడా అక్కడ దింపెయ్యి" అని కంపెనీవారు అంటే ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి, కూర్చోవడం. షోరూములో కారు చుట్టూ తిరిగి రంగు చూసి వచ్చేస్తాం. సీట్లో అరగంట కూర్చున్నవాళ్లెంతమంది? ఐదడుగుల మనిషికి క్లచ్ అందాలంటే సీటు ముందుకు లాక్కోవాలి. అప్పుడు స్టీరింగు మీదమీదకొస్తుంది. ప్రమాదంలో ఎయిర్ బ్యాగు రెప్పపాటులో విచ్చుకుంటుంది, దానికీ మన ఛాతీకీ మధ్య కనీసం 10 అంగుళాలు, అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ ఎడం ఉండాలి. సీటు ఎత్తు మార్చుకునే వీలు, స్టీరింగు దించుకునే వీలు ఉన్నాయేమో అడగండి. చౌక రకాల్లో తరచు ఉండవు. దిండు వేసుకుని సర్దుకుంటానంటారా? వద్దు. గట్టి బ్రేకు పడితే దిండు జారి, దాంతో మనమూ బెల్టు కిందికి జారిపోతాం. నడిపి చూసేటప్పుడు మీరు కొనబోయే రకాన్నే నడపండి, రోజూ కట్టుకునే బట్టల్లో, వేసుకునే చెప్పులతోనే. వీలైతే చీకటి పడ్డాక ఒకసారి లైట్ల వెలుగు చూడండి. అమలాపురం వైపు కాలవగట్ల మీద రాత్రి ఎదురుగా లారీ వస్తే అంచు కనబడటమే ముఖ్యం.

పాత కారైనా రక్షణ విషయంలో రాజీ పడనక్కర్లేదు. 2019 ఏప్రిల్ నుంచి అమ్మిన కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి అయ్యాయి, 2022 నుంచి తయారైనవాటిలో ముందు ఇద్దరికీ ఎయిర్ బ్యాగులుంటాయి. కొత్తది కొనేవారు 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఆ కారుకు ఎన్ని నక్షత్రాలు వచ్చాయో చూడవచ్చు.

స్టెప్నీ ఉందో లేదో తప్పకుండా చూడండి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చరు సామాను ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020లో నిబంధన సడలించారు. ఊళ్లో తిరిగేవారికి అది చాలు. మారేడుమిల్లి దారిలో రాయి తగిలి టైరు పక్కభాగం చీలితే ఆ పంక్చరు సామాను ఎందుకూ పనికిరాదు.

పాత కారు కొనేవారు సీటుబెల్టును పూర్తిగా బయటికి లాగి చూడండి. అడుగున బురద చార ఉందంటే ఆ కారు నీళ్లలో మునిగి లేచిందన్నమాటే. సీటు కింద పట్టాలకు తుప్పు, మ్యాట్ల కింద ముక్కవాసన కూడా ఆ గుర్తులే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో బళ్లు మునిగాయి, అలాంటివి పైన మెరుగుపెట్టి అమ్మకానికి రావచ్చు. సర్వీసు పుస్తకంలోని కిలోమీటర్లనూ మీటరునూ పోల్చండి. ఆర్సీలో బ్యాంకు అప్పు నమోదై ఉంటే అది తీసేసిన కాగితం చేతికొచ్చాకే డబ్బివ్వండి. పేరు మార్పిడి, బీమా మార్పిడి 14 రోజుల్లోపు పెట్టుకోండి, బద్ధకిస్తే ఆనక చిక్కు.

మా పిల్ల ఇదంతా చూసుకుని మూడేళ్ల కారు తీసుకుంది. తెచ్చిన ఆదివారమే వీధి అరుగు ముందు చక్రం విప్పించాను. షాపువాళ్లు మిషనుతో బిగించిన నట్టు, కారుతో వచ్చిన పొట్టి పానాకు కదిలితే ఒట్టు! పొడవాటి పానా ఒకటి కొని డిక్కీలో వేశాం. రెండోసారి అరగంట పట్టింది, మూడోసారికి పావుగంటలో తనే బిగించి, చేతులు కడుక్కుని అన్నానికి వచ్చింది.