రక్తములోని అంకె – చైనా మూలికలు

1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములలో రాత్రిని పగలుగా చేసికొని కంప్యూటరు ముందు కూర్చొను యువతరము పెరిగినది. అలసట, నిద్రలేమి, బాలనెరపులతో మా వద్దకు వచ్చువారిలో పలువురు ఒకే ప్రశ్న వేయుచున్నారు: "అయ్యా, చైనా మూలికల క్యాప్సూళ్లు వాడినచో రక్తములో యాంటీ ఆక్సిడెంట్లు పెరుగునట, వాడవచ్చునా?"

మనము పీల్చు ప్రాణవాయువుతో ఆహారము శక్తిగా మారునప్పుడు ఫ్రీ రాడికల్స్ అను చురుకైన అణువులు పుట్టును. మితిమీరినచో ఇవి కణములకు హాని చేయును. వీనిని అణచునవే యాంటీ ఆక్సిడెంట్లు. కొన్నింటిని శరీరమే తయారుచేసికొనును, విటమిన్ సి వంటివి ఆహారమున లభించును.

అయితే రక్తపరీక్షలో "మొత్తము యాంటీ ఆక్సిడెంట్ శక్తి" అని చూపు అంకెలో ప్రధాన భాగము యూరిక్ ఆమ్లముదే. ఆపిల్ పండ్లు తిన్నవారి రక్తములో ఈ శక్తి పెరుగుటకు ముఖ్యకారణము పండులోని ఫ్లేవనాయిడ్లు కావనియు, ఫ్రక్టోజ్ చక్కెర వలన పెరిగిన యూరిక్ ఆమ్లమనియు లొటిటో, ఫ్రై అను శాస్త్రజ్ఞులు 2004లో చూపిరి. వాతరక్త రోగులను బాధించునది ఈ ఆమ్లమే కదా! అంకె పెరిగినంత మాత్రమున ఆరోగ్యము పెరిగినదని ఎట్లనగలము?

చైనా వైద్యముపై మనకు చిన్నచూపు తగదు. పరంగిచెక్క చైనా దినుసే. 16వ శతాబ్దమున భావమిశ్రుడు దానిని ద్వీపాంతరవచ అను పేర భావప్రకాశములో చేర్చెను. గ్రీన్ టీ కషాయముగా త్రాగినచో సాధారణముగా హాని లేదు. దాని సారమును గాఢపరచి క్యాప్సూలుగా మ్రింగుట వేరు. అందలి ఈజీసీజీ అను పదార్థమును సప్లిమెంట్ల రూపమున దినమునకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసికొన్నవారిలో కాలేయ ఎంజైములు పెరుగుచున్నవని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించినది.

ఇంతకన్న ఘోరము బెల్జియములో జరిగినది. 1990ల ఆరంభమున బ్రస్సెల్స్ నగరములో సన్నబడుట కిచ్చిన మాత్రలలో స్టెఫానియా అను చైనా మూలికకు బదులు, చైనా పేరులో దానితో పోలిక గల అరిస్టలోకియా కలిసినది. నూరుమందికి పైగా రోగుల మూత్రపిండములు చెడినవి. మన ఈశ్వరి, గాడిదగడపాకు ఆ జాతివే, ఆ విషామ్లము వాటిలోను కలదు. "మూలికయే కదా, ఏమి చేయును?" అను ధీమా మన వైద్యమునకును చెల్లదు. రక్తము పలుచబడుటకు వార్ఫరిన్ వాడువారు డాన్‌షెన్ వంటి చైనా మూలికలను సొంతముగా తాకరాదు. రక్తస్రావ భయము కలదు.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు తాజా పండ్లను పరీక్షింపగా, యాంటీ ఆక్సిడెంట్లలో జామ అగ్రస్థానమున నిలిచినది. 100 గ్రాములకు దాదాపు 500 మిల్లీగ్రాములు. అనాసలో 22 మాత్రమే. ఇదియు పండులోని కొలతయే గాని రక్తములోనిది కాదు, అయినను తోపుడుబండి మీది జామకాయ కాలేయమును చెరుపదు. కార్తీకమున పచ్చి ఉసిరికాయ దినమున కొకటి చాలును. మధుమేహులు లేహ్యములలోని చక్కెరను గమనింపవలెను.

ఇక నైట్ షిఫ్టు వారికి క్యాప్సూలు కన్న ముందు కావలసినది నిద్ర. అలవాటు లేక రాత్రి మేల్కొన్నవాడు, మేల్కొన్న కాలములో సగము సేపు మరునాటి ఉదయము ఏమియు తినక నిద్రింపవలెనని వాగ్భటుని మతము. తెల్లవారి క్యాబ్ దిగగానే టిఫిను బండి వద్ద ఆగక ఇంటికి పోయి పడుకొనుడు. టిఫిను లేచిన పిమ్మట.