పశువు ఈసుకుపోతే ఇంటిల్లిపాదీ జాగ్రత్త

సంఘాల తనిఖీకి పోయినప్పుడు ముందుగా పాల రిజిస్టరు చూడడం నా అలవాటు. బోధన్ వైపు ఒక సంఘంలో ఒక సభ్యురాలి పేరు ఎదుట రెండు నెలలుగా గీతలే ఉన్నాయి. విచారించగా సంగతి తెలిసింది. ఆమె బర్రె ఏడో నెలలో ఈసుకుపోయింది. మావి పడకపోతే ఆమె వట్టి చేతులతోనే లాగింది. కొన్ని వారాలకు ఆమెకు సాయంత్రం పూట జ్వరం, చెమటలు, నడుము నొప్పి మొదలైనవి. టైఫాయిడ్ అనుకొని మందులు మింగింది. చివరకు రక్తపరీక్షలో బ్రూసెల్లోసిస్ అని తేలింది.

దీనికి కారణం బ్రూసెల్లా అనే బాక్టీరియా. 1887లో మాల్టా దీవిలో సైనికుల జ్వరాన్ని పరిశీలించి డేవిడ్ బ్రూస్ అనే వైద్యుడు దీనిని వెల్లడించాడు. అది మేకపాల ద్వారా వస్తున్నదని 1905 తరువాత రుజువైంది. అమెరికాలోని యెల్లోస్టోన్ అడవిదున్నలలోనూ ఈ రోగం ఉన్నది. అడవికీ, మన దొడ్డికీ దీనికి తేడా లేదు.

రోగం ఉన్న పశువు సాధారణంగా చూలు 5 నెలలు దాటిన తరువాత ఈసుకుపోతుంది. తరువాతి ఈత సక్రమంగానే జరగవచ్చు. దానితో రోగం పోయిందనుకుంటాము. కాని పాలలోను, ఈనినప్పుడు వచ్చే మైలలోను బాక్టీరియా బయటికి వస్తూనే ఉంటుంది.

డెయిరీకి పోసిన పాలు పాశ్చరైజ్ చేయబడి పట్నం చేరుతాయి. పచ్చిపాలు తాగే ప్రమాదం ఎక్కువగా మన ఇంటి పిల్లలకే!

సభ్యులు పాటించవలసినవి:

1. పాలు పొంగు వచ్చేదాకా కాచి తాగండి.

2. ఈసుకుపోయిన దూడను, మావిని వట్టి చేతులతో ముట్టకండి. కుక్కలకు వేయకండి. లోతైన గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి.

3. ఆ పశువును వేరుగా కట్టి, పశువైద్యునిచే రక్తపరీక్ష చేయించండి.

4. పెయ్యదూడలకు 4 నుండి 8 నెలల వయసులో, జీవితంలో ఒకేసారి టీకా వేయించండి. ఇందుకు కేంద్ర ప్రభుత్వం 2019లో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. పోతుదూడలకు, చూలు పశువులకు ఈ టీకా వేయరాదు.

5. జ్వరం విడవకపోతే, ఇంట్లో పశువు ఈసుకుపోయిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మందులు వారాల తరబడి వాడాలి. నడుమ మానితే జ్వరం తిరగబెడుతుంది.

ఇక ఒక మాట. ఈసుకుపోయిన బర్రెను గుట్టుగా అంగడికి తోలడం మనలో ఉన్నది. నష్టపోయిన రైతు బాధ నాకు తెలుసు. అయినా ఆ బర్రెను కొనేది మరో సంఘ సభ్యుడే, దాని పాలు తాగేది అతని పిల్లలే.

కార్యదర్శులు దీనిని పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాను.