రాజయ్యపేట బడిలో సైన్సు

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకార గ్రామం రాజయ్యపేట. ఈ ప్రాంతంలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి శంకుస్థాపన చేశారు. ఆ ఏడాది అక్టోబరు నాటికి పార్కు వద్దంటూ గంగపుత్రులు జాతీయ రహదారి మీదికి వచ్చారు. మందుల కంపెనీల వ్యర్థజలాలు కడలిలో కలిస్తే వేట పోతుందని వాళ్ల భయం. శుద్ధి చేశాకే వదులుతారన్నది ప్రాజెక్టును సమర్థించేవారి మాట. ఈ రెండు మాటలూ వింటూ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు రోజూ బడికి వెళ్తున్నారు. ఆ వయసు పిల్లలకు సైన్సులో ఏం నేర్పాలన్న ప్రశ్నను ఈ ఊళ్లో నిలబడి అడిగితే జవాబు తేటపడుతుంది. కొలవడం నేర్పాలి. కొలిచింది తేదీ వేసి రాసుకోవడం నేర్పాలి.

ఆమ్లాలు, క్షారాల పాఠమే తీసుకోండి. పసుపు నీళ్లలో తడిపి ఆరబెట్టిన కాగితం మీద సున్నపు తేట చుక్క పడితే ఎర్రబడుతుంది. చింతపండు రసం పడితే రంగు మారదు. పిల్లలకు ఇది సరదాగానే ఉంటుంది. కానీ మన తరగతి గదుల్లో పాఠం తరచు అక్కడే ఆగిపోయి, నిర్వచనాలు బట్టీ పట్టడం మొదలవుతుంది. నిజానికి అసలు ప్రశ్న అక్కడే పుడుతుంది: క్షారమే సరే, ఎంత క్షారం? పసుపు కాగితం అది చెప్పలేదు. పీహెచ్ కాగితం చెబుతుంది. ఏడు అంటే తటస్థం, సముద్రపు నీరు ఎనిమిదికి కొంచెం పైన. స్కేలు మీద ఒక్క అంకె మారితే తీవ్రత పది రెట్లు మారినట్టు. పరిశ్రమలు వదిలే నీటికి మన దేశంలోని సాధారణ ప్రమాణం 5.5 నుంచి 9 దాకా. ఇక పిల్లలు ఊరి బావి నీటిని, గెడ్డ నీటిని, అలల నీటిని తెచ్చి మూడింటికీ అంకెలు వేయొచ్చు. ఆ వెంటనే టీచరు చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. పీహెచ్ బాగున్నంత మాత్రాన నీరు మంచిదైపోదు. రంగూ వాసనా లేకుండా, పీహెచ్ మార్చకుండా నీళ్లలో కరిగి ఉండగల పదార్థాలు ఎన్నో ఉన్నాయి. ఒక పరీక్ష ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలియడం సైన్సులో సగం చదువు.

రెండో ప్రయోగానికి రెండు సీసాలు చాలు. రెండింటినీ బావి నీళ్లతో నింపి, ఒకదాంట్లో చెంచాడు పాలు కలిపి, మూతలు బిగించి చీకట్లో పెట్టాలి. రెండు మూడు రోజుల తర్వాత మూత తీస్తే పాలు కలిపిన సీసా కంపు కొడుతుంది. పాలను తిన్న సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడేశాయి. కానాగంత చేప మొప్పలతో పీల్చేది కూడా ఆ కరిగిన ఆక్సిజన్‌నే. సూక్ష్మజీవులు ఇలా ఎంత ఆక్సిజన్ లాగేస్తాయో చెప్పే కొలతను బీఓడీ అంటారు. సాధారణ ప్రమాణాల ప్రకారం చెరువులు, నదుల్లోకి వదిలే నీటిలో ఇది లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రంలోకైతే 100 దాకా వదలవచ్చు. సముద్రానికి ఎందుకు ఎక్కువ? నీరు ఎక్కువ, కలిసిపోతుంది అన్న లెక్కతో. ఒడ్డు దగ్గర నిజంగా అంత త్వరగా కలుస్తుందా అని వల లాగే ఇంటి పిల్లవాడు అడగగలగాలి.

దీనికి ఎనిమిదో తరగతి లెక్కలు తోడు కావాలి. ఉదాహరణకు ఒక గొట్టం రోజుకు కోటి లీటర్ల నీరు వదులుతోందనీ, ఆ నీటి బీఓడీ లీటరుకు 100 మిల్లీగ్రాములు ఉందనీ అనుకుందాం. గుణిస్తే రోజుకు వెయ్యి కిలోలు. లీటరు లెక్కన హద్దుల్లోనే ఉన్నది, మొత్తం మీద టన్ను బరువు! ఏ కాగితం మీదైనా మొదటి అంకె ఒక్కటే ఉంటే రెండోది అడగాలని ఈ చిన్న గుణకారం నేర్పుతుంది. అలా అడిగే చోటు ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రాజెక్టు సారాంశం స్థానిక భాషలోనూ దొరకాలి. ఆ సారాంశం చదివి తండ్రికి విడమరిచి చెప్పగల పదమూడేళ్ల అమ్మాయి ఆ ఇంటికి పెద్ద అండ.

జపాన్‌లోని మినమాటా కథ కూడా ఈ పిల్లలకు చెప్పాలి. అదీ చేపలు తిని బతికే తీరమే. రసాయన కర్మాగారం వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరింది. పిల్లులు మూర్ఛలతో గిలగిల్లాడటం ఊళ్లోవాళ్లు కళ్లారా చూశారు. 1956లో జబ్బును అధికారికంగా గుర్తించినా, కారణాన్ని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది. నక్కపల్లిలో పాదరసం వస్తుందని ఇక్కడ ఎవరూ అనుకోనక్కర్లేదు. నీటిలో లేశమాత్రంగా ఉన్న పదార్థం చిన్న చేపలో, దాన్ని తిన్న పెద్ద చేపలో ఎలా పోగుపడుతుందో అర్థం కావడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

గాలి పాఠం మరీ అత్యవసరం. 2020 మే 7న విశాఖలో లీకైన స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువైనది, నేలబారుగా పాకుతుంది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది చనిపోయారు. అదీ ఈ జిల్లాలోనే. ఏ వాయువు పైకి లేస్తుంది, ఏది కిందికి దిగుతుంది, పగటి గాలి సముద్రం నుంచి ఎటు వీస్తుంది, రాత్రి ఎటు తిరుగుతుంది అన్నవి ఇక్కడ ప్రాణాలు కాపాడే విషయాలు. ఇలాంటి చోట్లకు పనికొచ్చే పాఠాలనే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ భారం తగ్గింపు పేరుతో తీసేసింది. ఏడో తరగతిలో గాలులు, తుపానుల పాఠం, ఎనిమిదిలో గాలి, నీటి కాలుష్యం పాఠం వాటిలో ఉన్నాయి. అది తప్పు నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇదంతా పల్లె బడుల్లో సాధ్యమా అంటే, సాధ్యమే. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం వందల బడులకు పాకి, మూడు దశాబ్దాలు సాగింది. పిల్లలు జట్లుగా ప్రయోగాలు చేసి తమ పుస్తకంలో తామే రాసుకున్నారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోనిచ్చేవారు, ప్రయోగం మాత్రం చేసి చూపాల్సి ఉండేది.

రాజయ్యపేటలో ఈ పని ఇప్పుడే మొదలవ్వాలి. ప్రతి నెలా ఒకే బావి, ఒకే గెడ్డ, ఒకే ఒడ్డు దగ్గర కొలిచి ఒక పుస్తకంలో రాసుకోవాలి. పీహెచ్ ఎంత, కరిగిన లవణాలు ఎంత, ఉదయం గాలి ఎటు, మధ్యాహ్నం ఎటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం ముగిశాక తొలి వలల్లో కవళ్లెన్ని, కానాగంతలెన్ని, వంజరం పడిందా. పార్కు వస్తే రేపు ‘నీళ్లు మారాయి’ అని ఒకరు, ‘ముందే అలా ఉన్నాయి’ అని ఇంకొకరు అంటారు. అప్పుడు పాత అంకెలు లేకపోతే పిల్లలకూ పెద్దలకూ చేతిలో ఏమీ ఉండదు. పార్కు రాకపోయినా ఈ పుస్తకం వృథా కాదు, సముద్రం దగ్గరి బావిలో ఉప్పు ఏ నెలలో పెరుగుతుందో అయినా తెలుస్తుంది. ఈ పుస్తకానికి వార్షిక పరీక్షలో మార్కులు కేటాయించాలి. సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడిలో ఉన్న టీచరు మార్కుల్లేని పనికి పిల్లల్ని ఒడ్డుదాకా తీసుకెళ్లలేరు.