బేకన్ కోట: ఇటుక మేడయు, పెరటి కొయ్యయిల్లును

వర్జీనియా అను పేరు మన గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులకు పొగాకు మూలమున చిరపరిచితము. ఆ పేరుగల అమెరికా రాష్ట్రమున, జేమ్స్ నదికి దక్షిణమందలి సర్రీ ప్రాంతములో, 1665లో ఆర్థర్ ఆలెన్ అను భూస్వామి తన కమతమున కట్టించిన ఇటుక మేడ యొకటి నేటికిని నిలిచియున్నది. జనులు దానిని బేకన్ కోట యందురు. కాని అది కోటయు కాదు, బేకన్ అందు నివసించినవాడును కాడు. 1676లో గవర్నరుపై తిరుగబడిన నథానియేల్ బేకన్ అనుచరులు కొన్ని మాసములు దాని నాక్రమించుకొనిరి. ఆ నెపమున కట్టించినవాని పేరు మరుగుపడి, తిరుగుబాటుదారుని పేరు ఇంటికి స్థిరపడినది.

ఆ కాలపు వలసవారిలో పెక్కుమంది నేలలో గుంజలు పాతి, వానికి పలకలు కొట్టి కట్టుకొనిన యిండ్లు చెమ్మకు చివికి కొలదికాలములోనే కూలుచుండగా, ఆలెన్ మాత్రము నేలమాళిగతోడను, రెండంతస్తులతోడను, అటకగదులతోడను శాశ్వతమైన గృహమును సంకల్పించెను. ఒక వరుసలో ఇటుకల నిడివియు, దానిపై వరుసలో వాని కొనలును వెలికి కనబడునట్లు పేర్చుటచే, కీలుమీద కీలు పడక గోడ ఏకశిలవలె బిగిసినది. ముందు ప్రవేశమంటపమును, వెనుక మెట్లగదియు గోడనుండి పొడుచుకొని వచ్చుటచే ఇంటికి శిలువ యాకారము కలిగినది. ఇరుప్రక్కల గోడలు వంపులు దిరిగిన అంచులతో కప్పును మించి లేచును. వానిపై మూడేసి పొగగొట్టములు, మూలలు ముందునకు వచ్చునట్లు ఐమూలగా త్రిప్పి నిలుపబడినవి. మేడ సొగసంతయు ఈ పొగగొట్టములయందే యున్నదని నా యభిప్రాయము. ఇట్టి శైలిపై ఇంగ్లండులో అప్పటికే మోజు తీరినది; ఆలెన్‌గారి కా సంగతి పట్టినట్లు లేదు!

ఇంగ్లండు పోలిక మేడతోనే సరి. పెరటిలో అడుగిడినచో కనబడునది అచ్చమైన వర్జీనియా. పంది మాంసమును ఉప్పులో ఊరవేసి, పొగబెట్టి, సంవత్సరమంతయు చెడకుండ నిలువచేయు కొట్టును, వ్యవసాయపు కొట్టమును అచ్చట గలవు. వానికంటె ముఖ్యమైనది 1829లో కట్టి, 1849లో పెంచిన బానిసల నివాసము. అది కొయ్యయిల్లు. అది పెంచిన అయిదేండ్లకు, అనగా 1854లో, మేడకు మాత్రము క్రొత్త ఇటుక భాగము చేర్పబడినది. యజమానికి ఇటుకయు, పొలము పండించినవారికి పలకయు అను ఏర్పాటు అట్లే సాగెను. బానిసల యిండ్లు దక్షిణరాష్ట్రములలో అధికభాగము నశించినవి గావున, మేడ యెంత అపూర్వమో ఈ కొయ్యయిల్లును అంత అపూర్వమే. దానిని విడిచి మేడను మాత్రమే వర్ణించు గ్రంథము సగము గ్రంథమే.

1973నుండి ఈ కట్టడములు నేడు ప్రిజర్వేషన్ వర్జీనియా అని పిలువబడు పరిరక్షణ సంఘము వశమున నున్నవి. నది ఆవలియొడ్డునగల జేమ్స్‌టౌన్ చూడబోవు మన ప్రవాసాంధ్రులు అచ్చటి రేవులో రుసుము లేని నావ నెక్కి నది దాటినచో సర్రీ చేరవచ్చును. పోయినవారు పొగగొట్టములను చూచి తృప్తిపడక, పెరటి యింటి గడపకూడ త్రొక్కి రావలెనని మనవి.