మన తీరసీమ గాయకులు, మల్లులు



పొందూరు పేరు వినగానే ఎవరికైనను సన్నని ఖద్దరు జ్ఞప్తికి వచ్చును. ఆ సన్నదనమంతయు రాట్నము మహిమయని దూరపువారు తలంతురు. మనకు నిజము తెలియును. ప్రత్తి రాట్నము కడకు రాకముందే, వాలుగచేప దవడయెముకతో దానిని ఓపికగా ఏకు స్త్రీ చేతిలోనే ఆ సన్నదనము పుట్టుచున్నది. పంచె పట్టణములకు పోయి పేరు తెచ్చుకొనును. ఏకిన చేయి ఇక్కడనే ఉండిపోవును. ఆటపాటలలో పేరు పొందిన మనుష్యుల సంగతియు ఇట్టిదేయని మీకు మనవి చేయదలచితిని.

భీమునిపట్నము, కళింగపట్నము, బారువ మొదలగు రేవులు గల తీరసీమ మనది. ఈ సీమవారు కష్టజీవులు. ఒకప్పుడు ఓడలెక్కి బర్మాదేశమునకు కూలికి పోయిరి. మూటలు మోయుటకును, చేలు దున్నుటకును మాత్రమే మన దేహబలము పనికివచ్చునని లోకము చాలకాలము తలంచినది. మనమును అట్లే తలంచితిమి. బరువు మోయుట వేరు, బరువు నెత్తుట వేరు. మొదటిది బ్రతుకుతెరువు, రెండవది విద్య. ఈ భేదమును లోకమునకు చూపిన మన సీమవారు ముగ్గురున్నారు. వీరి గ్రామములు అలలు తాకునంత దగ్గరివి కావు గాని, అన్నియు ఈ తీరమునకు వెనుకనున్న నేలలోనివే.

మొదటివారు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1864లో అజ్జాడ గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో నున్నది. తెలుగు హరికథకు నేడు మనమెరిగిన రూపము నిచ్చినవారు గనుక వారిని హరికథాపితామహులందురు. హరికథ యనగానే తీరిక వేళ కాలక్షేపమని కొందరు తలంతురు. ఆ కథకుని శ్రమ యెట్టిదో కొంచెము చూడుడు. నాటకమునకు పదిమంది పాత్రధారులుందురు. హరికథకు ఒక్కడే. వాడే రాజు, వాడే భటుడు, వాడే కన్నీరు పెట్టు తల్లి. కాళ్ళకు గజ్జెలు, చేత చిడతలు. పాడుచు ఆడవలెను, ఆడుచు చెప్పవలెను, చెప్పుచు సభలో కునుకు తీయువానిని నవ్వించి లేపవలెను. ఇదంతయు గంటల తరబడి, మైకులు లేని దినములలో, సభ చివర గట్టుమీద కూర్చున్నవానికి సైతము మాట తెలియునట్లు జరుగవలెను. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు, ఈ యైదింటితో ఐదు వేర్వేరు తాళములు నడపుచు పాడిన ఘనత దాసుగారిది. దేహము స్వాధీనమున లేనివానికి ఇది సాధ్యమగునా? 1919లో విజయనగరమున సంస్థానాధీశులు సంగీత కళాశాలను స్థాపించి, దానికి వీరినే తొలి అధ్యక్షులుగా నియమించిరి. 1945లో వారు పరమపదించిరి.

రెండవవారు కోడి రామ్మూర్తినాయుడుగారు. వీరిది వీరఘట్టము. బాల్యమున విజయనగరములోని బంధువుల యింటికి వచ్చి, అచ్చట వ్యాయామశాలలో దండీలు, బస్కీలు, కుస్తీ అభ్యసించిరి. పిమ్మట వ్యాయామోపాధ్యాయులై, తరువాత తామే ఒక సర్కస్ కంపెనీ స్థాపించి దేశదేశములు తిరిగిరి. రొమ్మునకు ఇనుపగొలుసు బిగించి కట్టించుకొని, ఊపిరి పూరించి ఆ గొలుసును త్రెంపెడివారు. రొమ్ముమీద ఏనుగును నిలుపుకొనెడివారు. జనులు వారిని కలియుగ భీముడనిరి. 1942లో వారు కాలధర్మము చెందిరి. శ్రీకాకుళములోని క్రీడాస్థలమునకు వారి పేరే కలదు.

గొలుసు త్రెంపుటలో మాయ యేమియు లేదు. గాలి విడిచిన రొమ్ము కుంచించుకొనును; నిండుగ పీల్చిన రొమ్ము విప్పారును. సామాన్యునికి ఆ విప్పారుట స్వల్పము. ఏండ్ల తరబడి ప్రాణాయామమును, కసరత్తును చేసిన మల్లునికి ఆ కొలత పెరుగును. దానికి తోడు ప్రక్కటెముకల మీది కండరములు ఒక్కమారుగా బిగియును. ఆ రెంటి బలము గొలుసులో బలహీనమైన లంకె మీద పడును. అది తెగును. కావున గొలుసును త్రెంపినది ఆ క్షణపు ఊపిరి యని చెప్పుటకంటె, వెనుకటి ఏండ్ల వేకువజాములన్నియు కలిసి త్రెంపినవని చెప్పుట న్యాయము. సభను గంటల తరబడి నిలిపిన దాసుగారి కంఠమునకును మూలము ఆ యూపిరియే. గాయకుడును మల్లుడును ఒకే బావినీరు త్రాగినవారని నా అభిప్రాయము.

మూడవవారు శ్రీమతి కరణం మల్లీశ్వరి. పొందూరు స్టేషనులో రైలెక్కి ఉత్తరముగా కొద్దిదూరము పోయిన ఆముదాలవలస వచ్చును. ఆ ప్రాంతములోని ఊసవానిపేటలో ఆమె 1975లో జన్మించెను. తండ్రి రైల్వే రక్షకదళములో ఉద్యోగి. ఇంచుమించు పండ్రెండవయేట నీలంశెట్టి అప్పన్న అను గురువు కడ బరువులెత్తుట నేర్వ మొదలిడెను. 1994లోను, 1995లోను ప్రపంచ విజేత యయ్యెను. 2000 సంవత్సరమున సిడ్నీ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము గెలిచెను. భారతదేశపు స్త్రీ ఒలింపిక్ పతకము పొందుట అదియే ప్రథమము. స్త్రీలకు ఈ బరువుల పోటీని ఒలింపిక్సులో ప్రవేశపెట్టుటయు ఆ సంవత్సరమే ప్రథమము.

ఆ పోటీ నియమము తెలిసిననే ఆ పతకము విలువ తెలియును. ఎత్తుట రెండు విధములు. ఒకటి, కడ్డీని నేలనుండి ఒక్క ఊపున తలమీదికెత్తి నిలుపుట. రెండవది, మొదట భుజముల వరకెత్తి, నిలద్రొక్కుకొని, పిమ్మట తలమీదికెత్తుట. ఒక్కొక్క విధమునకు మూడేసి ప్రయత్నములు. రెంటిలోను మేలైన వానిని కలిపి లెక్కింతురు. 69 కిలోలకు మించని దేహము గల స్త్రీల వర్గములో ఆమె మొదటి విధమున 110 కిలోలు, రెండవ విధమున 130 కిలోలు, వెరసి 240 కిలోలు ఎత్తెను. ధాన్యపుబస్తా 75 కిలోలనుకొన్నచో, 130 కిలోలనగా బస్తామీద ముప్పాతిక బస్తాకు సమీపము. దానిని వీపున మోయుట కాదు, చేతులు చాచి తలపైన నిలుపుట! బంగారు, వెండి పతకములు పొందిన ఇరువురును ఎత్తినది చెరి 242.5 కిలోలు. భేదము రెండున్నర కిలోలు మాత్రమే. తుదిమారు ఆమె బంగారమునే కోరి 137.5 కిలోలకు పూనుకొనెను, అది నిలువలేదు. పూనుకొనుటలోనే ఆమె ధైర్యము కానవచ్చుచున్నది.

ఈ ముగ్గురి కథలలోను మనము గమనింపదగినది ఒకటి కలదు. రామ్మూర్తిగారికి ఒక బంధువు ఇల్లును, ఒక వ్యాయామశాలయు దొరికినవి. మల్లీశ్వరికి వెన్నుదన్నుగా నిలిచిన తల్లి శ్యామలయు, ఊరిదాపుననే గురువును దొరకిరి. కృష్ణా మండలమునుండి సంగీతము నేర్వవలెనని వచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావు అను బాలుని విజయనగరము ఏమి చేసినది? పట్రాయని సీతారామశాస్త్రిగారు విద్య చెప్పిరి. ఊరి గృహిణులు మధుకరము పెట్టిరి. ఆ గృహిణులలో పెక్కురి పేర్లు మనకు తెలియవు. కాని వారు పిడికెడన్నము పెట్టని యెడల, ఆ కంఠము తెలుగునాటికి దక్కకయే పోయెడిది కదా.

ఇక నా తప్పొకటి చెప్పుకొందును. నేను ఉపాధ్యాయుడనైన తొలి సంవత్సరములలో నా తరగతిలోని బాలిక యొకతె పరుగుపందెములలో మగపిల్లలను దాటిపోవుచుండెను. జిల్లా పోటీలకు పంపవచ్చునా యని ఆమె తండ్రి నన్నడుగ వచ్చెను. “పరీక్షలు దగ్గరపడినవి. ఆడపిల్లకు ఆటలేలనయ్యా?” అంటిని. “తమరు చెప్పినారు గదా బాబూ” అని ఆయన మరుమాటాడక వెడలిపోయెను. ఆ బాలిక మరల పందెమునకు నిలువలేదు. నేను ద్వేషముతో పలికినవాడను కాను, ఆలోచింపక పలికితిని. 2000 సెప్టెంబరులో సిడ్నీ వార్త రేడియోలో విని ఊరందరు సంతోషించిరి. నాకు మాత్రము నా గడపవద్ద వంగి చెప్పులు తొడిగికొనుచున్న ఆ తండ్రియే కండ్లకు గట్టెను.

పెద్దల మాటకు పల్లెలలో ఇప్పటికిని బరువు కలదు. ఆ బరువు క్రింద పిల్లలు అణగిపోవచ్చును, ఆ బరువునెత్తి పిల్లలు బలవంతులును కావచ్చును. మనము చేయవలసినది గొప్ప పని కాదు. ఊరిలో చదునైన కొంచెము మట్టినేలను దిబ్బలకును, బండ్లకును విడువక పిల్లల కసరత్తునకు నిలుపవలెను. పాడు పిల్లవానిని పనిలేనివాడని ఎగతాళి చేయరాదు. వేకువను ఆడపిల్ల పరుగెత్తుచుండగా రచ్చబండమీద నవ్వువాడుండును. వాని నోరు మూయించుట మన వంతు. తండ్రి వచ్చి సలహా అడిగినప్పుడు, జవాబు చెప్పుటకు ముందు ఒక్కమారు ఊపిరి పీల్చుకొని ఆలోచింపవలెను.

ప్రతి పిల్లయు ఒలింపిక్సుకు పోవునని నేను చెప్పను. ఏకిన ప్రత్తి అంతయు నూరవ నంబరు నూలగునా? అయినను ఏకుట మానిన యింట సన్ననూలు ఎన్నటికిని పుట్టదు.