బంతి, అల, ఫ్లెమింగో: యానిమేషన్ చదువు కబుర్లు

ఇంటర్ అయింది, యానిమేషన్, ఇంటరాక్టివ్ మల్టీమీడియా చదువుతానంటున్నావు. మీ నాన్నేమో బొమ్మలు గీసేదానికి నాలుగేళ్ల కాలేజీ ఏందంటున్నాడు. ఆయనది కోపం కాదు తల్లీ, భయం. ఆ భయానికి నేను జవాబు చెబుతా, ఇద్దరూ కూర్చుని వినండి. ఆ చదువులో బొమ్మ గీయడం సగం కూడా ఉండదు. మిగతాదంతా ఫిజిక్సు, జంతుశాస్త్రం, లెక్కలు. వాటికి కావలసిన ప్రయోగశాల మన నెల్లూరు తీరం పొడుగునా ఉంది.

మైపాడు బీచికి పోయినప్పుడు ఒక రబ్బరు బంతి తీసుకుపో. నేలకు 120 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే ఇంచుమించు నీ గుండె ఎత్తు నుంచి, వదిలిపెట్టు. ఇసుకను తాకడానికి దానికి అర సెకను పడుతుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి బంతి కింద పడేలోపు 12 బొమ్మలు గీయాలి. కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, 120ని 12తో భాగించి, బొమ్మకు 10 సెంటీమీటర్ల చొప్పున బంతిని దించేస్తారు. తెరమీద వేసి చూస్తే బంతి పడినట్టుండదు, ఎవరో దారం కట్టి దించినట్టుంటుంది.

అసలు బంతి ఏం చేస్తుందో చూడు. మొదటి బొమ్మకు అది దిగేది ఎనిమిదిన్నర మిల్లీమీటర్లే. రెండో బొమ్మకు దానికి మూడింతలు, మూడోదానికి అయిదింతలు, నాలుగోదానికి ఏడింతలు. అలా పెరుగుతూ పోయి పన్నెండో బొమ్మకు ఇరవైమూడింతలు, అంటే దాదాపు 20 సెంటీమీటర్లు ఒక్కసారిగా దిగుతుంది. 1, 3, 5, 7 అనే ఈ బేసి సంఖ్యల వరస గెలీలియోది. వాలుపలక మీద గుండ్లు దొర్లించి పట్టుకున్న ఆ లెక్కను ఆయన 1638లో అచ్చయిన పుస్తకంలో వివరించాడు. యానిమేషన్ నేర్పేచోట మొదట్లోనే బంతిని ఎగిరించమంటారు. అంత చిన్న పని ఎందుకిచ్చారా అనిపిస్తుంది గానీ, అందులో గెలీలియో మొత్తం ఉన్నాడు.

బంతి అయ్యాక అలను చూడు. ఒడ్డుకు దగ్గర్లో అల వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. నాలుగు మీటర్ల లోతున్నచోట సెకనుకు సుమారు 6 మీటర్లు పరుగెత్తే అల, ఒక మీటరు లోతుకు వచ్చేసరికి 3 మీటర్లకు పడిపోతుంది. ముందు పోయే అల నెమ్మదించడంతో వెనకది దాని దగ్గరికి వచ్చేస్తుంది. అలల మధ్య ఎడం తగ్గి, ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తు నీటి లోతులో ముప్పాతిక దాటేసరికి అల తల ముందుకు వాలి విరిగిపోతుంది. ఇది తెలియనివాళ్లు గీసిన సముద్రంలో అలలన్నీ ఒకే ఎడంతో, ఒకే ఎత్తుతో వస్తాయి. తప్పెక్కడుందో చెప్పలేకపోయినా, మన తీరంలో పెరిగిన పిల్లలు ఆ బొమ్మను నమ్మరు.

ఇక పులికాట్ సరస్సు. సూళ్లూరుపేట 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి పోయినా, నాకు మాత్రం ఆ సరస్సు ఇంకా మనదే. అక్కడ చలికాలంలో దిగే ఫ్లెమింగోలను చూశావు కదా, ఎప్పుడైనా కాలు వంపును గమనించావా? మోకాలు వెనక్కి వంగినట్టు కనిపిస్తుంది. అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన, ఈకల మరుగున ఉంటుంది. కంప్యూటర్లో పక్షికి ఎముకల చట్రం కడతారు, దాన్ని రిగ్ అంటారు. ఆ కీలును మోకాలనుకుని కట్టావా, పక్షి నడిచిన ప్రతిసారీ ఎక్కడో ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎగిరేటప్పుడు ఫ్లెమింగో మెడను నిటారుగా ముందుకు చాచి, కాళ్లను వెనక్కి చాస్తుంది. కొంగ అయితే మెడను మడిచి భుజాల మధ్యకు లాక్కుంటుంది. దూరాన రెక్కల రంగు తెలియకపోయినా ఈ ఒక్క గుర్తుతో ఏది ఏదో చెప్పేయొచ్చు. మంచి యానిమేటరు పట్టుకోవలసింది అలాంటి గుర్తునే.

ఇలా చూడటాన్ని చదువుగా మార్చినవాళ్లు ముందే ఉన్నారు. ఫ్రాన్సులో మారే అనే శరీరశాస్త్రవేత్త 1882లో తుపాకీ ఆకారంలో ఒక కెమెరా చేయించాడు. ట్రిగ్గరు నొక్కితే సెకనుకు 12 ఫోటోలు తీస్తుంది. దాన్ని ఎగిరే పక్షుల మీదికి గురిపెట్టేవాడు. మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరుకు అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆశ్రయమిచ్చింది. మనుషులూ జంతువులూ కదిలే తీరు మీద అక్కడ ఆయన తీసిన 781 ఫోటో పలకలు 1887లో బయటికొచ్చాయి. ఇప్పటికీ యానిమేషన్ విద్యార్థులు వాటిని ముందు పెట్టుకుని గీస్తారు. యూనివర్సిటీ దేనికని అడిగే మీ నాన్నకు ఇదొక జవాబు.

ఇంకో జవాబు యూటా యూనివర్సిటీలో ఉంది. 1972లో అక్కడ ఎడ్ క్యాట్‌ముల్ అనే విద్యార్థి తన ఎడమచేతికి ప్లాస్టరుతో అచ్చు తీశాడు. అచ్చు ఊడదీసేటప్పుడు చేతిమీది వెంట్రుకలు కూడా దాంతో ఊడొచ్చాయట. ఆ చేతి నమూనా మీద సిరాతో 350 త్రిభుజాలు, బహుభుజాలు గీసి, ఒక్కో మూల ఎక్కడుందో కొలిచి, ఆ అంకెలను కంప్యూటరుకు ఎక్కించాడు. మిత్రుడు ఫ్రెడ్ పార్క్‌తో కలిసి దాన్ని చిన్న సినిమా చేశాడు. అందులో కంప్యూటరు గీసిన చెయ్యి వేళ్లు మడుస్తుంది, చాస్తుంది. విద్యార్థిగా ఉండగా చేసిన పని అది. తర్వాత ఆయన పిక్సార్ స్థాపకుల్లో ఒకడయ్యాడు, 2019కి కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు పంచుకున్నాడు. ఆయనకు పాఠాలు చెప్పిన గురువుల్లో ఐవన్ సదర్లాండ్ ఒకరు. ఎంఐటీలో 1963 నాటి తన పరిశోధనలో, తెరమీద కాంతి కలంతో గీస్తే కంప్యూటరు వెంటనే బదులిచ్చేలా చేసినవాడు ఈయనే. నువ్వు ఇంటరాక్టివ్ అంటున్నదానికి మూలం అక్కడుంది.

ఆ ఇంటరాక్టివ్ సంగతే నాకు మరీ ఇష్టం. సినిమా ఎన్నిసార్లు వేసినా ఒకేలా నడుస్తుంది. ఇంటరాక్టివ్ మాత్రం అన్నం తినిపిస్తూ అమ్మ చెప్పే కథ. పిల్లాడు మధ్యలో ‘పులి ఎందుకొచ్చింది?’ అని అడ్డుపడితే కథ అటు తిరగాల్సిందే. చూసేవాడు ఎక్కడ వేలు పెడతాడో ముందుగా తెలియదు కాబట్టి, పెట్టగల ప్రతిచోటా ఏం జరగాలో నువ్వే ఆలోచించి ఉండాలి. బదులు కూడా త్వరగా రావాలి. వేలు తగిలిన సెకనులో పదోవంతులోపు తెర కదిలితే, తానే కదిలించానని మనసు నమ్ముతుంది. ఒక సెకను దాటిందంటే ఆలోచన తెగుతుంది. సెకనుకు 60 సార్లు తెర మారాలంటే ఒక్కో బొమ్మకు నీకు దొరికేది 17 మిల్లీసెకన్ల లోపే. బంతి లెక్క, అల లెక్క, పక్షి కాలి కీళ్లు అన్నీ ఆలోపే తేలాలి. అందుకే లెక్కలు వద్దనుకుని ఈ చదువుకు పోవద్దు.

మన తెలుగువాళ్లకు ఇది కొత్త దారేమీ కాదు. ఛోటా భీమ్‌ను పుట్టించిన రాజీవ్ చిలక అమెరికాలో కంప్యూటరు సైన్సు ఎంఎస్ చేసి, ఉద్యోగం చేసి, ఆ తర్వాత యానిమేషన్ చదువుకున్నాడు. హైదరాబాదులో ఆయన పెట్టిన గ్రీన్ గోల్డ్ నుంచి ఆ పిల్లాడు 2008లో టీవీకెక్కాడు. 2012లో వచ్చిన ‘ఈగ’ సినిమాలో ఈగకు మాట లేదు, మనిషి ముఖమూ లేదు. అయినా దాని కసి హాల్లో అందరికీ అర్థమైంది, జాతీయ అవార్డుల్లో స్పెషల్ ఎఫెక్ట్స్ బహుమతీ వచ్చింది. చదువుకోవాలంటే హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్‌తో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది. మన రాష్ట్రంలో 2020లో కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వచ్చింది. పోయేముందు అక్కడ చదివే పిల్లలు చేసిన పనులు చూపించమని అడుగు. భవనాల కంటే అవే నీకు ఎక్కువ చెబుతాయి.

అడ్మిషన్ దాకా ఆగకుండా ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆస్కార్ అందుకున్న ‘ఫ్లో’ సినిమాను దాంతోనే తీశారు. నీకు నేనిచ్చే పని ఇదీ: పులికాట్ మీద ఒక ఇంటరాక్టివ్ పాఠం చెయ్యి. అక్టోబరు, నవంబరు వానలకు కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెచ్చి పోస్తే సరస్సులో ఉప్పు తగ్గుతుంది. ఎండాకాలంలో నీరు ఆవిరై, సరస్సు ఉప్పదనం లీటరుకు 35 గ్రాములుండే సముద్రపు ఉప్పదనాన్ని కూడా దాటిపోతుంది. రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడతాయి, పిల్లలు సరస్సులోకి వచ్చి పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. ఆ రాకపోకలకు దారి సరస్సు సముద్రంలో కలిసేచోటున్న ముఖద్వారమే, అది ఇసుకతో పూడిపోతే రెండువైపులా ఆగిపోతాయి. చూసే పిల్లలు వేలితో ఇసుకమేటను జరిపి ముఖద్వారం మూయాలి, తెరవాలి, నెలలు మార్చాలి. ఉప్పు, రొయ్యలు, ఫ్లెమింగోలు దాన్ని బట్టి మారుతూ పోవాలి.

ఒక్క నెలకే ముందు చేసి, అక్కడి జాలర్ల చేతికి ఫోనివ్వు. ఏ నెలలో రొయ్యపిల్ల లోపలికి వస్తుందో, ఏ గాలికి ఇసుక మేట వేస్తుందో వాళ్లు చెప్పినట్టే రాసుకుని, ప్రోగ్రాములో ఆ అంకెలు మార్చు. రెండో నెల పని ఆ తర్వాతే.