బొట్టుకు లెక్క

వాన వెలిసిన మధ్యాహ్నం. తొమ్మిదో తరగతికి తలతన్యత పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. వాళ్ల అక్క నెలలు నిండుతున్న మనిషి. రక్తం తక్కువగా ఉందని ఆసుపత్రిలో ఐరన్ సెలైన్ ఎక్కించారట. ఈ పిల్ల పక్కన కూర్చుని చూసొచ్చింది. "సార్, సీసాలో మందు తిన్నగా గొట్టంలోకి వదిలేయొచ్చు కదా. మజ్జిలో ఆ బుడ్డి పెట్టి బొట్లుబొట్లుగా ఎందుకు పడతాది?"

ఆ బుడ్డి పేరు డ్రిప్ ఛాంబర్. మా సీతంపేట కొండల్లో ఏ ఊరి వాళ్లని అడిగినా దాన్ని చూడని వాళ్లుండరు. మలేరియాకో, నీరసానికో, కాన్పుకో ఇంట్లో ఒకరికైనా సెలైన్ ఎక్కే ఉంటుంది. అయినా అది అక్కడ ఎందుకుందో నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఆ సాయంత్రం మందుల షాపులో కొత్త ఐవీ సెట్టొకటి కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టుకున్నాను.

సన్నని పారదర్శకమైన గొట్టం నిండా నీళ్లున్నాయనుకోండి. అవి కదులుతున్నాయా, నిలిచిపోయాయా? కంటితో చెప్పలేం. రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఛాంబర్ ఆ ధారను ఒకచోట తెగ్గొడుతుంది, మధ్యలో కాస్త గాలి పెడుతుంది. ఆ గాలిలోంచి మందు బొట్టుగా రాలక తప్పదు. కనిపించని ప్రవాహం లెక్కపెట్టడానికి వీలైన వస్తువైపోయింది! నర్సమ్మ బుడ్డిని వేళ్లతో నొక్కి సగం దాకానే నింపడం మీరు చూసే ఉంటారు. పూర్తిగా నిండితే బొట్టు కనపడదు. మరీ ఖాళీగా ఉంటే పడే బొట్టు గాలిబుడగల్ని గొట్టంలోకి తోసేస్తుంది.

అసలు చమత్కారం ఇంకొకటుంది. ప్రతి బొట్టూ ఒకే పరిమాణంలో ఎందుకు పడాలి? వాన వెలిశాక చూరు కొసన నీటిబొట్టును చూడండి. వేలాడుతుంది, ఉబ్బుతుంది, పొట్ట సాగుతుంది, నడుము సన్నబడుతుంది, తెగుతుంది. నీటి పైపొర దాన్ని చూరంచుకు పట్టి ఉంచుతుంది, బరువు కిందికి లాగుతుంది. బరువు గెలిచిన క్షణాన బొట్టు రాలుతుంది. అంటే బొట్టు ఎంతుండాలో నిర్ణయించేది సీసా కాదు, బొట్టు వేలాడే అంచు చుట్టుకొలత, ఆ ద్రవం తలతన్యత. 1864లో థామస్ టేట్ ఈ సంగతే తేల్చాడు. అంచు వెడల్పయ్యే కొద్దీ బొట్టు బరువు ఆ మేరకు పెరుగుతుంది. కాబట్టి ఛాంబర్ పైకప్పులోని ఆ చిన్న ముక్కు కొలిచి చేసిన తక్కెడ. దానికి కరెంటు అక్కర్లేదు. గాలివానకు లైన్లు తెగిన రాత్రి కూడా అది తూకం వేస్తూనే ఉంటుంది.

పెద్దవాళ్లకు వాడే సెట్లలో 20 బొట్లు ఒక మిల్లీలీటరు. పసిపిల్లల సెట్లో ముక్కుకు బదులు సన్నని లోహపు గొట్టం ఉంటుంది, దాంతో 60 బొట్లు ఒక మిల్లీలీటరు. ఈ 60 ఎంచుకున్న వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. గంటకు 60 నిమిషాలు కదా! నిమిషానికి ఎన్ని బొట్లు పడితే గంటకు అన్ని మిల్లీలీటర్లు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ కాగితం పెన్ను వెతుక్కోనక్కర్లేదు.

మరి ఇంత లెక్క ఎందుకు? అక్కకు ఎక్కించిన ఐరన్ సుక్రోజ్‌నే తీసుకుందాం. ముదురు గోధుమరంగు ద్రవం. ఇనుపగుళిక చుట్టూ చక్కెర తొడుగు ఉంటుంది. రక్తంలో ఇనుమును మోసుకెళ్లే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీనుకు ఒక మోతాదు వరకే చోటుంది. మందు ఒక్కసారిగా వచ్చిపడితే మోసేవాళ్లు చాలక విడి ఇనుము రక్తంలో తిరుగుతుంది. బీపీ పడిపోవచ్చు, కళ్లు తిరగొచ్చు, వికారం రావొచ్చు. నోట్లో ఇనుప రుచి తగలడం మామూలే. మందు సిర దాటి బయటికి కారితే చర్మం మీద గోధుమ మచ్చ చాలాకాలం ఉండిపోతుంది. డాక్టరు 100 మిల్లీలీటర్లు అరగంటలో వెళ్లాలని రాస్తే, అవి 2,000 బొట్లు, నిమిషానికి సుమారు 67. ఎంత నెమ్మదిగా ఇచ్చినా అరుదుగా ఒంటికి పడకపోవచ్చు. దురద, దద్దుర్లు, ఛాతీ బిగింపు, ఊపిరాడకపోవడం మొదలైతే ఆ క్షణమే చెప్పాలి. సిస్టర్ చేసే మొదటి పని రెగ్యులేటర్ చక్రాన్ని తిప్పి బొట్టును ఆపడం. మందు అయిపోయాక కూడా అరగంట కదలనివ్వరు, అందుకు విసుక్కోకండి.

క్వినైన్ అయితే ఇంకా కఠినం. మెదడుకెక్కిన మలేరియాకు ఒకప్పుడు మన ఏజెన్సీకి దిక్కు అదే. గబగబా పోతే గుండె లయ తప్పుతుంది. నెమ్మదిగా పోయినా చెవుల్లో హోరు పెడుతుంది, ఇన్సులిన్‌ను రెచ్చగొట్టి రక్తంలో చక్కెరను పడేస్తుంది. అందుకే గ్లూకోజు సీసాలో కలిపి నాలుగు గంటలు ఎక్కించేవారు. 500 మిల్లీలీటర్లంటే 10,000 బొట్లు, నిమిషానికి 42. ఆర్టిసునేట్ వచ్చాక ఈ నాలుగు గంటల కాపలా పోయింది. ఒడిశాలోని రూర్కెలా కూడా పాలుపంచుకున్న 2005 నాటి పరిశోధనలో క్వినైన్‌తో 22 శాతమున్న మరణాలు ఆర్టిసునేట్‌తో 15 శాతానికి తగ్గాయి. దాన్ని నిమిషాల్లోనే సిరలోకి ఇచ్చేస్తారు. అయితే వారం పది రోజుల తర్వాత రక్తం తగ్గే ప్రమాదముంది కనుక మళ్లీ రమ్మంటారు. కొండ దిగి రావడం కష్టమని ఆ రాకను మానకూడదు.

ఒకసారి లెక్కపెట్టి వదిలేస్తే చాలదు. చక్రం కింద నలిగిన ప్లాస్టిక్ గొట్టం మెల్లగా సర్దుకుంటుంది, వేగం మారిపోతుంది. మోచెయ్యి మడిస్తే మారుతుంది. సీసా ఎత్తు మారినా అంతే, ఎందుకంటే మందును తోసేది ఆ ఎత్తే. డోలీలో మోసుకొస్తున్న మనిషికి సెలైన్ ఉంటే సీసా పట్టుకున్న వాడి చెయ్యి వాలకూడదు. చేతికంటే కిందికి జారితే రక్తమే గొట్టంలోకి ఎదురొస్తుంది.

మర్నాడు తరగతిలో రంగునీళ్లతో కొలిచాం. 100 బొట్లకు దాదాపు 5 మిల్లీలీటర్లు. తర్వాత సబ్బునీళ్లు పోశాం. ముక్కు అదే, బొట్లు మాత్రం చిన్నవైపోయాయి. పిల్లలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు. కొన్ని క్యాన్సర్ మందుల్లో సబ్బులాంటి పదార్థాలు కలుపుతారు. అక్కడ ఈ తేడా ఆట కాదు. బొట్లు సరిగ్గానే లెక్కపెట్టినా మందు తక్కువ వెళ్తుంది.

ఈ బుడ్డి కథ మొదలైంది 1832 నాటి కలరాతో. కలరా రోగి రక్తంలో నీరు, ఉప్పు హరించుకుపోయాయని ఓషానెస్సీ అనే కుర్ర డాక్టరు తేల్చాడు. తర్వాత మన దేశానికి టెలిగ్రాఫ్ తీగలు వేయించింది ఆయనే. అది చదివి స్కాట్లాండులో థామస్ లట్టా ఒక ముసలమ్మకు పిచికారీతో ఉప్పునీరు ఎక్కించాడు. చావుబతుకుల్లో ఉన్నావిడ తేరుకుని మాట్లాడింది. ఆయన అటు వెళ్లాక విరేచనాలు మళ్లీ మొదలై గంటల్లో పోయింది. ఆగకుండా, కొలతగా, గంటల తరబడి ఎక్కించే ఉపాయం అప్పటికి లేదు. బొట్టు ఆ లోటు తీర్చడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆపైన ప్లాస్టిక్ వచ్చింది, బొట్టును కాంతితో లెక్కపెట్టే కన్ను వచ్చింది, అసలు బొట్టే అక్కర్లేని పంపులూ వచ్చాయి.

ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తింది. "చలికాలంలో బొట్టు పెద్దదవుద్దా సార్?" చల్లని నీటికి తలతన్యత ఎక్కువ కాబట్టి కొంచెం అవ్వాలి. పుష్యమాసం తెల్లవారుజామున, మంచు విడకముందే, వరండాలో కొలుద్దామనుకున్నాం. సెట్టును కడిగి బీరువాలో పెట్టాను.